లోకువ కాకుండా కలుపుగోలుగా ఉండటం: డీజేలకు, ఆర్జేలకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఈవెంట్లలో డీజేగా, వారాంతాల్లో ఓ చిన్న రేడియోలో ప్రెజెంటర్‌గా పనిచేస్తున్నారు. అందరితో నవ్వుతూ ఉంటే నెత్తికెక్కుతున్నారు, కాస్త గట్టిగా మాట్లాడితే పొగరు అంటున్నారు. రేడియోలోనేమో మీ మేనేజర్ "నవ్వు ఎక్కువైంది, విషయం తక్కువైంది" అన్నారు. పైగా మీరు స్వతహాగా పెద్ద మాటకారి కాదు. అసలు ఈ పనికి పనికొస్తానా అని అడిగారు.

పనికొస్తారు. ముందు ఆ బెంగ పక్కన పెట్టండి. ఈ రంగంలో గట్టిగా నిలబడినవాళ్లలో మితభాషులు చాలామందే ఉన్నారు. డీజే దగ్గర జనం కోరుకునేది కబుర్లు కాదు. తాము చెప్పింది చెవికెక్కిందన్న నమ్మకం, ఈ రాత్రి సాఫీగా గడిచిపోతుందన్న ధీమా. ఆ రెండూ నాలుగు మాటలతోనే ఇవ్వొచ్చు.

ఇక అసలు సంగతి. కన్సోల్ (డీజే పాటలు నడిపే బల్ల) దగ్గర జరిగే గొడవల్లో చాలావరకు అక్కడ పుట్టినవి కావు. ముందే ఫోన్‌లో తేలాల్సినవి తేలక, ఆ రాత్రి మీ మీద పడతాయి. ముందు కచ్చితంగా ఉన్నవాళ్లు అక్కడ మెత్తగా ఉండగలరు. మనలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బుకింగ్ ఎక్కడ చేజారుతుందోనని ఫోన్‌లో అన్నిటికీ "అలాగే సార్, చూద్దాం సార్" అంటారు, తీరా ఈవెంట్ రాత్రి మొహం మాడ్చుకుని నిలబడతారు. అప్పుడు పొగరు అనక ఏమంటారు?

బుకింగ్ మాట్లాడేటప్పుడు తేల్చుకోవాల్సినవి మరీ ఎక్కువేం ఉండవు. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు. సమయం దాటితే అదనంగా ఎంత, ఆ మాట ఎవరు చెబితే కొనసాగించాలి. సౌండుకీ లైట్లకీ కరెంటు ఒకే లైన్ నుంచి వస్తుందా, వేర్వేరా. పిల్లలుంటారా, ఉంటే బూతు మాటలున్న పాటలకు క్లీన్ వెర్షన్లు దగ్గర పెట్టుకోవాలి. తప్పక వేయాల్సిన పాటలేవి, ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడనివేవి. ఈ ఆఖరిది అడగడం చాలామంది మర్చిపోతారు. మీకు అది హిట్ పాట కావచ్చు, ఆ ఇంట్లో ఈమధ్యే పోయిన మనిషికి ప్రాణమైన పాట కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యం, ఆ రాత్రి ఎవరి మాట చెల్లుతుందో ఒకే ఒక్క పేరు తీసుకోవడం. ఈవెంట్‌లో ప్రతివాళ్లూ యజమానులే. ఒకరు వచ్చి సౌండ్ పెంచమంటారు, ఐదు నిమిషాలకు ఇంకొకరు వచ్చి తగ్గించమంటారు, మూడో మనిషి "నేను ఎవరో తెలుసా" అంటాడు. మీ దగ్గర ఆ పేరు ఉంటే మీరు ఎవరితోనూ వాదించక్కర్లేదు. "తప్పకుండా అండీ, ఫలానా వారితో ఒక్క మాట చెప్పించండి, వెంటనే చేసేస్తాను" అంటే చాలు. ఇందులో కాదనడం లేదు, తలొగ్గడమూ లేదు. ఫోన్ మాటలు అయ్యాక అవన్నీ ఒక మెసేజ్‌లో రాసి పంపి, "సరే" అన్న జవాబు తెప్పించుకోండి. అది అపనమ్మకం అనుకుని మొహమాటపడకండి. ఆర్గనైజర్లు పది పనుల్లో ఉంటారు, రాసి పెట్టినందుకు వాళ్లే సంతోషిస్తారు.

ఇప్పుడు పాట అడగడానికి వచ్చేవాళ్ల సంగతి. మీ ప్రశ్నలో సగం కోపం వీళ్ల మీదే ఉన్నట్టుంది. ఒక చెవికి హెడ్‌ఫోన్, ఎడమ చెయ్యి పాట వేగం మార్చే పిచ్ ఫేడర్ మీద, వస్తున్న పాట బీట్ ఇంకా కుదురుకోలేదు. సరిగ్గా అప్పుడే ఒకాయన బల్ల మీదికి వంగి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచిన ఫోన్‌ని మీ కళ్ల ముందు పెడతాడు. మీరు తలెత్తకపోతే ఆయనకి అవమానం. హెడ్‌ఫోన్ తీసి మాట్లాడితే ఒక పాటలోకి ఇంకో పాటని కలిపే మిక్స్ పోతుంది, డ్యాన్స్ చేస్తున్నవాళ్లందరికీ తెలిసిపోతుంది. చేయాల్సింది ఇంతే: ఒక్క క్షణం ఆయన కళ్లలోకి చూసి, చిన్నగా నవ్వి, ఒక వేలు చూపించి, పనిలోకి తిరిగి వెళ్లండి. మిక్స్ పూర్తవడానికి 32 బీట్లు పట్టిందనుకున్నా, నిమిషానికి 128 బీట్ల పాటలో అది సరిగ్గా 15 సెకన్లు. తనని చూశారని తెలిస్తే ఆ మాత్రం ఎవరైనా ఆగుతారు. మిక్స్ అయిపోగానే హెడ్‌ఫోన్ మెడ మీదికి దించి, ఒళ్లంతా ఆయన వైపు తిప్పి వినండి. అక్కడికే ఆయన సగం చల్లబడతాడు.

జవాబు దగ్గర మాత్రం అబద్ధం ఆడకండి. "నెక్స్ట్ మీదే" అని వదిలించుకుంటే పాట మారినప్పుడల్లా వచ్చి నిలబడతాడు, మూడోసారికి నలుగురిని వెంటేసుకుని వస్తాడు. "ఆ పాట నా దగ్గర లేదు" అన్నా గండమే, "నా ఫోన్‌లో ఉందిగా" అంటాడు. నిజం చెప్పడమే తేలిక. వేసే ఉద్దేశం ఉంటే "వేస్తాను, కాకపోతే అది 95 స్పీడు పాట, ఇప్పుడు 128లో ఉన్నాం, ఒక్కసారిగా దించితే ఫ్లోర్ ఖాళీ అవుతుంది, ఇంకో అరగంటలో అక్కడికి తీసుకొస్తాను" అనండి. జనానికి ఇలాంటి లోపలి విషయం చెబితే చాలా ఇష్టం, తమని కూడా పనిలో కలుపుకున్నట్టు ఉంటుంది. వేయకూడని పాటైతే "వద్దని ముందే చెప్పారండీ, అదే మూడ్‌లో ఇంకోటి చెప్పండి" అనండి. వేస్తానన్నది వేసినప్పుడు మాత్రం ఆయన ఎక్కడున్నాడో వెతికి, ఒకసారి చెయ్యి ఊపండి. ఎంత మాట్లాడినా రాని స్నేహం ఆ ఒక్క సైగతో వస్తుంది. మీలాంటి మితభాషికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు.

ఎవరి ఫోన్నీ మీ మిక్సర్‌కి కలపకండి. సౌండ్ క్వాలిటీ సంగతి తర్వాత, పాట మధ్యలో ఆయనకి కాల్ వస్తే రింగ్‌టోన్ హాలంతా మోగుతుంది. తప్పనిసరై, ఆర్గనైజరే చెప్పి కలపాల్సి వస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి, పాట ముందే డౌన్‌లోడ్ అయి ఉందో లేదో చూడండి, గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్ స్థాయి) పూర్తిగా దించి నెమ్మదిగా పెంచండి.

సౌండ్ ఎక్కువైందని ఫిర్యాదు వస్తే దాన్ని మీ కళ మీద విమర్శగా తీసుకోకండి. అది నిజంగా చెవుల విషయం. అమెరికాలో పనిచేసేచోట ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. వినోద వేదికలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణంలో కూడా 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ఉంది. పైగా రాత్రి గడిచేకొద్దీ మన చెవులు మొద్దుబారతాయి, తెలియకుండానే సౌండ్ పెరుగుతూ పోతుంది. అందుకే మొదటి గంటలో సరిపోయిన లెవెల్ దగ్గర, మొత్తం సౌండ్‌ని సర్దే మాస్టర్ నాబ్ పక్కన చిన్న టేపు ముక్క అంటించుకోండి. మీటర్ ఎరుపులో ఆడుతూంటే అది హుషారు కాదు, సిగ్నల్ పైభాగం తెగిపోతోందని. అక్కడ తెగిన శబ్దం తర్వాత ఎక్కడ వాల్యూమ్ తగ్గించినా బాగుపడదు.

ఫిర్యాదు చేసినవాళ్లతో వాదన అవసరం లేదు. వాళ్లు కూర్చున్న చోటికి ఒకసారి నడిచి వెళ్లి వినండి. ఎక్కువసార్లు తేలేది ఏమిటంటే, వాళ్ల కుర్చీలు స్పీకర్‌కి ఎదురుగా ఉంటాయి. ఆరుబయట స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి కుర్చీలు కాస్త వెనక్కి జరిపించినా, స్పీకర్‌ని కొద్దిగా తిప్పినా పని అయిపోతుంది. చెవికి ఎక్కువగా గుచ్చుకునేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య భాగం, దాన్ని రెండు మూడు డెసిబెల్స్ దించితే డ్యాన్స్ ఫ్లోర్ మీద ఎవరూ గమనించరు, కూర్చున్నవాళ్లకి హాయిగా ఉంటుంది. మీరు లేచి వెళ్లి విన్నారన్న విషయమే వాళ్లకి గుర్తుంటుంది.

మైక్‌లో ఎవరినీ మందలించకండి. తాగి కన్సోల్ మీద గ్లాసు పెట్టినా సరే, "దయచేసి డీజే దగ్గరికి రావద్దు" అని హాలంతా వినేలా అనకండి. ఆ గ్లాసు మీరే తీసి పక్క బల్ల మీద పెట్టి, "ఇక్కడ కరెంటు ఉందండీ, మీకే ఇబ్బంది" అని చెవిలో చెప్పండి. మాట వినకపోతే ఆర్గనైజర్‌కి కబురు పెట్టండి. మీ మీద చెయ్యి పడితే మాత్రం మర్యాద లెక్క వేరు. పాట నడవనిచ్చి పక్కకి తప్పుకోండి, సెక్యూరిటీ వచ్చేదాకా తిరిగి రాకండి.

వేదిక మీద పేర్లు పిలవాల్సి ఉంటే కాగితం మీద రాసిచ్చిన పేరుని నమ్మకండి. ఆ మనిషినో, దగ్గరివాళ్లనో పలికించి, మీ చెవికి వినబడినట్టు రాసుకోండి. తప్పు పాట వేస్తే పది నిమిషాల్లో మర్చిపోతారు, పేరు తప్పు పలికితే వీడియోలో ఎప్పటికీ ఉంటుంది. ఇంకో చిన్న విషయం. మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషికి మైక్ ఇచ్చేటప్పుడు ఊరికే చేతికి ఇచ్చేయకండి. గడ్డానికి దగ్గరగా పెట్టుకోవాలనీ, జాలీని గుప్పిట్లో మూయకూడదనీ, స్పీకర్ ముందుకి నడవకూడదనీ ఒక్క ముక్క చెప్పండి. కీచుమంటే జనం తిరిగి చూసేది ఆయన వైపు కాదు, మీ వైపు.

రేడియో దగ్గరికి వద్దాం. మీ మేనేజర్ చెప్పినదాన్లో నిజం ఉండొచ్చు. 1927 జూలైలో బీబీసీలో రికార్డులు వేస్తూ మాట్లాడటం మొదలుపెట్టిన క్రిస్టఫర్ స్టోన్ బ్రిటన్‌లో మొదటి డీజే అంటారు. అక్కడ దాదాపు అందరూ రాసింది చదివే రోజుల్లో ఆయన ఎదురుగా కూర్చున్న మనిషితో అన్నట్టు అప్పటికప్పుడు మాట్లాడేవాడు. ఎవరికీ కనిపించకపోయినా డిన్నర్ జాకెట్, టై వేసుకుని మరీ. మీరు టై కట్టుకోమని కాదు గానీ, మాటలో చనువు, కూర్చోవడంలో పద్ధతి రెండూ ఒకేచోట ఇమిడిపోతాయని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

నవ్వు ఎక్కువ కావడానికి మామూలుగా ఒకటే కారణం ఉంటుంది: మాట ఎక్కడ ఆపాలో తెలియకుండా మైక్ తెరవడం. చెప్పాల్సింది అయిపోతుంది, ఆపడానికి వాక్యం దొరకదు, ఆ ఖాళీలో నవ్వు వస్తుంది. పక్కన కో-హోస్ట్ ఉంటే ఇద్దరూ నవ్వుతారు, వింటున్న మనిషికి ఆ జోకులో చోటుండదు. మందు చాలా సులువు. మైక్ ఫేడర్ ఎత్తేముందు ఆ లింక్‌లో, అంటే పాటల మధ్య మీరు మాట్లాడే ముక్కలో, మీ ఆఖరి వాక్యం ఏమిటో తెలిసి ఉండాలి. మొదటిది తడబడినా పర్వాలేదు. ఒక లింక్‌లో ఒకే సంగతి. పాట ముందు 18 సెకన్ల సంగీతం ఉంటే 16 దగ్గర ఆగిపోండి, గాయని గొంతు మీద మీ గొంతు పడకూడదు. ఈ లెక్కలు చేతికి వచ్చాక టెన్షన్ తగ్గుతుంది, ఆ తర్వాత వచ్చే నవ్వు వినడానికి బాగుంటుంది.

అసలు నవ్వే వద్దని కాదు. మొహం మీద చిరునవ్వు గొంతులో నిజంగానే వినిపిస్తుంది. పెదవులు పక్కకి సాగినప్పుడు గొంతు నుంచి పెదవుల దాకా శబ్దం నడిచే దారి కాస్త పొట్టిదై, స్వరం తీరు మారుతుంది. కాబట్టి చిరునవ్వుతో మాట్లాడండి, శబ్దం చేసే నవ్వు తగ్గించండి. మైక్‌కి జానెడు దూరంలో, కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటే "ప", "భ" లాంటి అక్షరాలకి గాలి కొట్టదు.

ఎర్ర లైటు వెలిగినా వెలగకపోయినా మైక్ ఆన్‌లో ఉన్నట్టే ప్రవర్తించండి. 1984 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు రీగన్ తన వారపు రేడియో ప్రసంగానికి ముందు సౌండ్ చెక్‌లో, రష్యా మీద ఐదు నిమిషాల్లో బాంబులు వేస్తామని జోకు వేశారు. అది ప్రసారం కాలేదు, కానీ రికార్డయింది, బయటికి పొక్కి ప్రపంచమంతా తిరిగింది. స్టూడియోలో కాలర్ గురించీ, గెస్ట్ గురించీ వెనకాల మాట్లాడే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.

ప్రాంక్ కాల్స్ విషయంలో నా అభిప్రాయం మరీ కఠినం: చేయకండి. 2012 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాకి చెందిన ఇద్దరు రేడియో ప్రెజెంటర్లు బ్రిటన్ రాజకుటుంబ సభ్యులమని నటిస్తూ లండన్‌లోని ఓ ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తి వార్డుకి కలిపిన నర్సు కొద్ది రోజులకే ప్రాణం తీసుకుంది. ఆ కాల్ లైవ్ కాదు, రికార్డు చేసి తర్వాత ప్రసారం చేసినది. అంటే ఆపడానికి సమయం ఉంది. అవతలి మనిషి అనుమతి లేకుండా ఆమె గొంతు ప్రసారం చేయకూడదన్న ఒక్క నియమం పాటించి ఉంటే అది గాలిలోకి వెళ్లేదే కాదు. స్టూడియోలో ఉన్నవాళ్లకి సరదాగా అనిపించడం ఏ రకంగానూ కొలమానం కాదు.

రోజూ ఫోన్ చేసే శ్రోతలతో కొంచెం జాగ్రత్త. వాళ్లలో కొందరికి ఆ రోజులో మాట్లాడే ఏకైక మనిషి మీరే కావచ్చు. పేరు గుర్తుపెట్టుకోండి, క్రితంసారి చెప్పిన పరీక్ష సంగతో, ఒంట్లో బాగాలేని సంగతో అడగండి. కానీ సొంత నంబరు ఇవ్వకండి, సొంత ఖాతాలో జవాబులు రాయకండి. మాట్లాడేదంతా స్టేషన్ లైన్ మీద, స్టేషన్ పేజీ మీదే. "మా దగ్గర అందరికీ ఇదే పద్ధతి అండీ" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆడపిల్లలైన ప్రెజెంటర్లకి వచ్చే మెసేజ్‌ల గురించి వేరే చెప్పక్కర్లేదు. హద్దు దాటిన మొదటి మెసేజ్‌కే స్క్రీన్‌షాట్ తీసి మేనేజర్‌కి పంపాలి, నవ్వుతో సర్దుకోకూడదు.

స్నేహం పేరుతో వచ్చే ఇంకో చిక్కు, "మా తమ్ముడి పాట, రెండుసార్లు వేయవా" అంటూ చేతిలో ఏదో పెట్టడం. ఇది పాత జబ్బే. డబ్బు తీసుకుని పాటలు వేస్తున్నారని 1959, 60లలో అమెరికాలో పెద్ద విచారణే నడిచింది. ఆ రోజుల్లో అక్కడ పేరు మోగిపోయిన డీజే అలన్ ఫ్రీడ్ 1962లో లంచం కేసులో నేరం ఒప్పుకున్నాడు, అతని కెరీర్ మళ్లీ లేవలేదు. పాట తీసుకోండి, వినండి, నచ్చితే స్టేషన్‌లో పాటలు ఎంపిక చేసేవాళ్లకి ఇవ్వండి. కవరు మాత్రం ముట్టుకోకండి.

తోటి డీజేలతో ఉండే పద్ధతి గురించి క్లుప్తంగా. మీ తర్వాత ముఖ్యమైన డీజే ఉంటే రాత్రి పెద్ద హిట్లన్నీ మీరే ఊదేయకండి. దిగేముందు ఈక్యూ నాబ్‌లు (బేస్, ట్రెబుల్ సర్దేవి) మధ్యకి తెచ్చి, ఒక చానల్ ఖాళీగా వదిలి, ఆఖరి పాట పొడవైనది పెట్టి, ఎంత సమయం మిగిలిందో చెప్పండి. ఆ పాట ఆగేదాకా ఏ కేబుల్ మీదా చెయ్యి వేయకండి. సౌండ్ ఇంజినీర్‌ని వచ్చీరాగానే పేరు అడిగి పలకరించండి. రాత్రి ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని గట్టెక్కించేది ఆయనే. రేడియోలో కూడా అంతే, హెడ్‌ఫోన్ వాల్యూమ్ పూర్తిగా దించి, లాగ్ (ఏమేం ప్రసారమైందో రాసే పట్టిక) నింపి, కప్పులు తీసుకుని బయటికి రండి.

వచ్చే వారం ఈవెంట్ ఉందన్నారు కదా. రేపే ఆర్గనైజర్‌కి ఫోన్ చేసి వేయకూడని పాటలేవో, ఆ రాత్రి ఎవరి మాట చెల్లుతుందో, ఆఖరి పాట ఎన్నింటికో అడిగి, మెసేజ్ పెట్టండి. రేడియో షోకి ఈసారి ప్రతి లింక్ ఆఖరి వాక్యం చీటీ మీద రాసుకుని కూర్చోండి. రికార్డింగ్ దొరికితే మర్నాడు మీ మేనేజర్‌తో కలిసి వినండి. ఎక్కడ నవ్వు ఎక్కువైందో వేలు పెట్టి చూపించమనండి, ఆయన ఆ మాట అన్నది ఏ చోటు గురించో అప్పుడు తెలుస్తుంది.